జబ్బు ఎవరిది?

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండో యుద్ధానికి వెయ్యిమందికి పైగా పంపిన ఊరు. అక్కడ స్మారక స్తూపం ఉంది. యుద్ధంలో పోకుండా జబ్బుతో తిరిగొచ్చిన సైనికుడికి, ఏ ఊరివాడైనా, మిగిలేది బోర్డు రాసిన ఒక్క వాక్యం: సర్వీసు వల్ల రాలేదు, సర్వీసులో ముదరలేదు. దాంతో వైకల్య పెన్షన్ పోతుంది.

మూర్ఛ వచ్చిందని సిపాయి ధరమ్‌వీర్ సింగ్‌ని 1994లో ఇంటికి పంపారు. జబ్బు ఆయన శరీర తత్వంలోనే ఉందన్నారు. అంటే పుట్టుకలోనే, నెపం చివరికి తల్లి కడుపు మీదికే! ఎంత సులువు? 2013లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చేరేనాటి కాగితాల్లో లేని జబ్బు సర్వీసులో వచ్చిందనే భావించాలి, కాదని చూపించాల్సింది సైన్యమే అంది. 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో ఇప్పుడు ఆ వాదనతోనే పోరాడుతున్నారు. ఆ ఫైళ్లలో వైకల్యానికి శాతం వేస్తారు. రాత్రుళ్లు మేలుకుని చూసుకునే భార్యల చాకిరీకి గడి లేదు.