అట్టలో రంధ్రము, చిప్పులో విద్యుత్తు

ధర్మవరమున పట్టుచీరలు నేయు ఇంటిలో అడుగుపెట్టినవారి చూపు మొదట మగ్గముపైకి పోదు. మగ్గమునకు పైన, ఇంటికప్పు నంటునంత ఎత్తున, దారముతో గుచ్చిన అట్టల దండ యొకటి వ్రేలాడుచుండును; చూపు అక్కడ చిక్కుకొనును. ఆ అట్టల నిండ రంధ్రములు. అంచులోని హంసయు, కొంగులోని మామిడిపిందెయు ఆ రంధ్రములలోనే దాగియున్నవి. రంధ్రమున్న చోట సూది లోనికి దూరును. దానికి తగిలించిన కొక్కెము పడుగుపోగును పైకెత్తును. రంధ్రము లేని చోట అట్ట సూదిని వెనుకకు నెట్టును. ఆ పోగు క్రిందనే యుండిపోవును. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరవాసి జోసఫ్ మరీ జాకార్డు 1804లో ఈ సాధనమునకు రూపము నిచ్చెను. మన నేతగాండ్రు నేటికిని దానిని జాకార్డు అనియే పిలుచుచున్నారు.

మేము ఇక్కడ చెప్పదలచినది చీరలను గురించి కాదు, విద్యుత్తును గురించి. హిందూపురమున పట్టుగూళ్ల విపణిని చూచి, రైలులో పెనుకొండ మీదుగా ధర్మవరము చేరి, ఈ అట్టల క్రింద కూర్చున్నప్పుడు మాకొక సంగతి తోచినది. మగ్గము మారలేదు, మనిషి మారలేదు. అట్టలు మార్చిన చీర మారినది. నేటి ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్పు చేయు పనియు ఇదియే. ఫ్యాక్టరీలో చిప్పు తయారై వచ్చిన పిదప, దానిని కొన్నవారు తమకు కావలసిన తీరున లోపలి సంబంధములను కలుపుకొందురు, విడదీసికొందురు. ఒకే చిప్పు ఒకచోట యంత్రమును నడుపును, మరియొకచోట చిత్రములను పరీక్షించును. అయితే అట్టకు పైసా విద్యుత్తు అక్కరలేదు. చిప్పునకు కావలెను. ఆ ఖర్చును తగ్గించుటకు ఇంజనీర్లు నలుబది ఏండ్లకు పైగా పడిన పాటు వినదగినది.

రేడియో గల ఇండ్లవారికి ఈ విషయము బోధపరచుట కష్టము కాదు. మా చిన్నతనమున పెనుకొండలో మా తాతగారి ఇంట పాత వాల్వు రేడియో యొకటి ఉండెడిది. మీట త్రిప్పిన తరువాత వాల్వులు వేడెక్కువరకు మాట వినిపించెడిది కాదు. చలికాలమున ఇంటి పిల్లి దానిమీదనే నిదురించెడిది. అట్టి సెట్టు నలుబది యేబది వాట్లు త్రాగెడిది. అందులో స్పీకరునుండి ధ్వనిగా వెలువడినది బహుస్వల్పము. తక్కినదంతయు పిల్లికే దక్కెడిది. పాట వచ్చుచున్నను, రెండు కార్యక్రమముల నడుమ నిశ్శబ్దమున్నను ఖర్చు ఇంచుమించుగా ఒక్కటే. ట్రాన్సిస్టరు సెట్టు వచ్చి ఈ వేడిని తొలగించెను. నాలుగు బ్యాటరీలతో రేడియో పొలము గట్టుకు పోయెను.

ఆశ్చర్యమేమనగా, ట్రాన్సిస్టర్లతోనే చేసిన తొలి ప్రోగ్రామబుల్ చిప్పులు మరల వాల్వు సెట్టు బుద్ధినే చూపినవి. అమెరికాలో మోనోలిథిక్ మెమొరీస్ సంస్థకు చెందిన జాన్ బిర్క్‌నర్, హెచ్.టి. చువా అనువారలు రూపొందించిన ‘పాల్’ చిప్పు 1978లో వెలువడెను. దాని లోపల సన్నని ఫ్యూజులు వరుసలుగా నుండును. అక్కరలేని ఫ్యూజును విద్యుత్తుతో కాల్చివేయుటయే దానికి ఆజ్ఞ నిచ్చుట. జాకార్డు అట్టలో రంధ్రము పొడుచుట వంటిదే. కాని ఆ తరగతి చిప్పు 5 వోల్టుల వద్ద 180 మిల్లీ ఆంపియర్ల వరకు లాగుకొనెడిది. అనగా సుమారు 0.9 వాటు. పది చిప్పులు కలిసిన తొమ్మిది వాట్లు. పని యున్నను లేకున్నను అదే లెక్క. సగము విద్యుత్తుతో, పాతిక విద్యుత్తుతో నడుచు రకములు పిదప వచ్చినవి గాని, పొదుపు చేసిన కొలది వేగము తగ్గెడిది.

దీనికి మందు అంతకు ముందే సిద్ధముగా నుండెను. ఫెయిర్‌చైల్డ్ సంస్థలో ఫ్రాంక్ వాన్‌లాస్ 1963లోనే ‘సీమాస్’ అను పద్ధతిని ప్రకటించెను. ఇందు ట్రాన్సిస్టర్లు జంటలుగా పనిచేయును. చెరువునకు పైతూము తెరచినప్పుడు క్రిందితూము మూయుదురు. క్రిందిది తెరచినప్పుడు పైది మూయుదురు. రెండును ఒక్కసారి తెరచి నీటిని వృథాగా పోనీయరు. అట్లే ఈ జంటలో ఒకటి మూసినప్పుడే రెండవది తెరచుకొనును. స్థితి మారిన క్షణముననే ఖర్చు. మారనిచో ఖర్చు దాదాపు లేదు. ఆల్టెరా సంస్థ 1984లో ఈ పద్ధతితో ఈపీ-300 చిప్పును తెచ్చెను. మరుసటి యేడు సైలింక్స్ సంస్థ, రాస్ ఫ్రీమన్ ఊహను అనుసరించి, 64 దిమ్మెలు గల ఎక్స్‌సీ-2064ను వెలువరించెను. తరువాత ‘ఎఫ్‌పీజీఏ’ అని లోకమున వాడుకయైన చిప్పుల వంశమునకు అదియే మూలపురుషుడు.

అంతటితో కథ ముగిసెనా? లేదు. సీమాస్ అను పేరు పెట్టుకొనిన చిన్న చిప్పులలో పెక్కింట, ఫలితమును త్వరగా పసికట్టుటకై పెట్టిన భాగములు రాత్రింబవళ్లు మేలుకొనియే యుండెడివి. ఆ మెలకువను తొలగించి పూర్తిగా సీమాస్ పద్ధతితోనే చేసిన కూల్‌రన్నర్ చిప్పులను ఫిలిప్స్ సంస్థ 1990వ దశకమున తెచ్చెను. 1999లో సైలింక్స్ ఆ శాఖను కొనివేసెను. మరియొక ప్రక్క వోల్టేజిని తగ్గించుచు వచ్చిరి. మార్పునకగు ఖర్చు వోల్టేజి యొక్క వర్గమును అనుసరించును. 5 వోల్టులనుండి 1 వోల్టుకు దిగినచో, తక్కినవి మారకున్న, ఆ ఖర్చు ఇరువది యైదవ వంతగును. ఇంత లాభము వేరొక ఉపాయమున దొరకలేదు.

అప్పుడు క్రొత్త శత్రువు బయలుదేరెను. ట్రాన్సిస్టరును సన్నము చేయగా చేయగా, మూసిన తూమునుండియే కారుట మొదలాయెను. చిత్రావతి నీటితో నిండు బుక్కపట్టణము చెరువు, ధర్మవరము చెరువు ఎరిగినవారికి, తూము మూసినంత మాత్రమున నీరు నిలువదని వేరుగా చెప్పనక్కరలేదు. కోట్ల తూములున్న చిప్పులో ఈ కారుడు పెద్ద నష్టమై కూర్చుండెను. సైలింక్స్ 2004లో వెర్టెక్స్-4 చిప్పునందు, వేగము అక్కరలేని ట్రాన్సిస్టర్లకు దళసరి పొర వేసెను. ఆల్టెరా 2006లో స్ట్రాటిక్స్-3 నందు, త్వరపడవలసిన దిమ్మెలను మాత్రమే వేగముగా నుంచి తక్కినవానిని పొదుపుస్థితిలో నిలుపు ఏర్పాటు చేసెను. అదే యేట ఆక్టెల్ సంస్థ ఇగ్లూ అను చిప్పును వెలువరించెను. దాని ఆజ్ఞలు ఫ్లాష్ మెమొరీలో నుండును. నిద్రావస్థలో అది 5 మైక్రోవాట్లతో తృప్తిపడును. తాతగారి రేడియోతో పోల్చిన ఇంచుమించు కోటివంతు.

ఇంత చేసినను, ఎట్లు కావలసిన అట్లు మార్చుకొను స్వేచ్ఛకు వెల చెల్లింపక తప్పలేదు. టొరంటో విశ్వవిద్యాలయమున ఇయాన్ కువాన్, జోనథన్ రోజ్ అనువారలు 90 నానోమీటర్ల చిప్పులపై కొలిచి 2007లో ప్రకటించిన లెక్క ప్రకారము, కేవలము తర్కపు దిమ్మెలతో చేసినప్పుడు, ఒకే పనికై కట్టిన చిప్పుకంటె ఎఫ్‌పీజీఏ సుమారు 14 రెట్లు మార్పుఖర్చు చేయును. తీగలు ఎక్కువ, ఉపయోగింపని మీటలు ఎక్కువ. మా దృష్టిలో ఈ చరిత్రయంతటిలోను ఇదియే అన్నిటికంటె నిజాయితీగల సంఖ్య.

ఈ శ్రమలో మనవారి పాలును కలదు. సైలింక్స్ సంస్థ హైదరాబాదున అభివృద్ధి కేంద్రమును నెలకొల్పెను. ఆ సంస్థ 2022 ఫిబ్రవరిలో ఏఎండీలో కలిసిపోయినది.

మరల మగ్గము కడకు వత్తము. చేనేతకు విద్యుత్తు ఖర్చు లేదని మెచ్చుకొనుట సులభము. జాకార్డును ఎత్తునది నేతగాని కాలు. మేము కూర్చున్న ఇంటి యజమాని ఏబది దాటినవాడు. సాయంకాలమగునప్పటికి మోకాలు మాట వినదని చెప్పెను. కొందరు ఆ బరువు నెత్తుటకు చిన్న మోటారు తగిలించుకొనుచున్నారు. అట్టలకు బదులు ఎలక్ట్రానిక్ జాకార్డులును మన దేశపు చేనేత మగ్గములకు వచ్చినవి. వానిలో నమూనాను ఎన్నుకొనునది చిప్పే. కనుక ఆ చిప్పు ఎంత తక్కువ త్రాగినచో, ఇంటికప్పు మీది చిన్న సౌరఫలకముతో మగ్గము నడువగల ఆశ అంత దగ్గరపడును. రామగిరి కొండలపై గాలిమరలు తిరుగుచున్న సీమలో ఈ కోరిక అత్యాశ కాదు.

అయితే ఆ యజమానికి ఒక సందేహము కలదు. కరెంటు పోయినప్పుడు చిప్పు తన పాఠమును మరచిపోవునా యని ఆయన అడిగెను. పెక్కు ఎఫ్‌పీజీఏలు మరచిపోవును. విద్యుత్తు తిరిగి వచ్చినప్పుడు వేరొక మెమొరీనుండి మొదటినుండి చదువుకొనవలెను. ఫ్లాష్ రకమువి మరువవు. మేము ఈ మాట చెప్పుచుండగనే దీపములు ఆరిపోయెను. ఆయన మగ్గము దిగి వాకిట మంచముమీద కూర్చుండెను. మరునాడు ఉదయము మేము రైలుకు బయలుదేరుచు తొంగిచూచునప్పటికి, రాత్రి నిలిచిన అట్ట తరువాతి అట్టతో కొంగు సాగుచుండెను.