కదలికను కూర్చిన చేతులు

చందానగర్ ఎం.ఎం.టి.ఎస్. స్టేషనుకు చేరువలో, ఒక మేడమీది అద్దెగదిలో, మా బంధువుల కుర్రవాడొకడు అర్ధరాత్రి కంప్యూటరు ముందు కూర్చుండి, గాలిలోనికి ఎగయుచున్న నటుని నడుమునకు కట్టిన తీగచుట్టును చుక్కలు పెట్టుచు, గీత గీయుచు, ఆ తీగను తుడిచివేయుచుండగా చూచితిని. సెకనుకు 24 ఫ్రేములు. ఫ్రేముఫ్రేముకును తీగ ఇంచుక జరుగును, గీతయు దానివెంట జరుగవలెను. ఐదు సెకనుల దృశ్యమునకు 120 మారులు ఆ పని చేయవలెను. దీనిని వారు 'రోటో' అందురు.

అది చూచుచుండగా నాకు 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' మనసున మెదలినది. మద్రాసు వాహినీ స్టూడియోలో, కె.వి. రెడ్డి దర్శకత్వమున, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణమున రూపొందిన ఆ చిత్రమున ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడై విందునకు కూర్చుండగా, లడ్లు తమంత తామే లేచి ఆయన నోటికి చేరుట చూచి మురియని తెలుగువాడు అరుదు. ఆనాటి ట్రిక్కు పనివారికి ఉన్న ఉపాయములు స్వల్పములు: కెమెరాను ఆపి వస్తువును రవంత జరిపి మరల త్రిప్పుట, ఫిలిమును వెనుకకు నడపుట, లెన్సులో సగము మూసి ఒకే ఫిలిముపై రెండుమారులు చిత్రించుట. ఇందు కడపటిది మిక్కిలి కఠినము. కెమెరా వెంట్రుకవాసి కదలినను శ్రమయంతయు వ్యర్థమగును, ఆ లోపమైనను లాబొరేటరీలో ఫిలిము కడిగిన పిదపగాని బయటపడదు. 1961లో 'సీతారామకల్యాణం' చిత్రముతో ఛాయాగ్రాహకుడైన రవికాంత్ నగాయిచ్ ఈ విద్యలోనే ఖ్యాతి గడించెను.

కోడి రామకృష్ణ దర్శకత్వమున 1995లో వచ్చిన 'అమ్మోరు'తో కంప్యూటరు గ్రాఫిక్సు తెలుగు ప్రేక్షకుని విశేషముగా ఆకర్షించెను. 2012లో రాజమౌళి 'ఈగ' వచ్చునప్పటికి, నటుడు సుదీప్ ఎదుట లేని ఈగను చూచుచున్నట్లు నటింపగా, దాని కోపమును, దుఃఖమును పిదప హైదరాబాదు 'మకుట' సంస్థవారు కంప్యూటరుపై కల్పించిరి. ఆ ఏటి జాతీయ చలనచిత్ర పురస్కారములలో స్పెషల్ ఎఫెక్ట్స్ బహుమతి వారికే దక్కెను. అంతకు రెండేండ్లు ముందే, 2010లో, హైదరాబాదు గోల్డ్‌స్టోన్ సంస్థ 'మాయాబజార్'కు రంగులద్దెను. నలుపు తెలుపుల వెన్నెలయే నాకు నేటికిని ప్రియమైనను, కదలు ప్రతి కొంగు అంచును వెంబడించిన ఆ ఓర్పునకు నమస్కరించితిని. వాహినిలో లడ్డును జరిపినదియు ఈ ఓర్పే.

'మాయాబజార్' ఎడిటర్లు సి.పి. జంబులింగం, జి. కల్యాణసుందరం. వారి పేర్లు తెరకెక్కినవి గనుకనే నేడు మనకు తెలిసినవి. మావాడు తీగ తుడిచిన చిత్రము విడుదలైననాడు, జనులందరు లేచిపోయినను నేను కడవరకు కూర్చుండి వాని పేరు వెదకితిని. లేదు. నిర్మాతలకు నా విన్నపమొక్కటే: ఎంత చిన్న అక్షరములతోనైనను ఆ పేర్లు వేయింపుడు.