ధర్మాసుపత్రియు రైతు అణాయు

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు దారిలో గోపాలపట్నమును, వేపగుంటను దాటిన పిమ్మట పెందుర్తి వచ్చును. ఒకప్రక్క విజయనగరమునకు పోవు రైలుమార్గమును, వేరొకప్రక్క నానాటికి పెరుగుచున్న నగరపు రహదారియు గల యీ యూరిలో, ప్రొద్దుటిపూట సామాజిక ఆరోగ్య కేంద్రము ముంగిట క్షణకాలము నిలిచినచో, చంకబిడ్డలతో తల్లులును, చేతికఱ్ఱ ఊతగా వచ్చిన ముదుసళ్ళును ఓపీ చీటీకొరకు వరుసలో నిలుచుట కానవచ్చును. వయసు చెల్లినవారు నేటికిని సర్కారు వైద్యశాలను ధర్మాసుపత్రి యనియే పిలుతురు. ఆ మాటలో కృతజ్ఞత కలదు, వినయము కలదు. అయినను, ఇచ్చు చేయి ఒకటి పైనను, పుచ్చుకొను చేయి ఒకటి క్రిందను ఉన్నవను తలంపు కూడ అందు దాగియున్నది. ఈ ప్రాంతపు వైద్యశాలలు ఎవరి సొమ్ముతో పుట్టినవో విచారించినచో ఆ తలంపు నిలువదు.

1871వ సంవత్సరమున మదరాసు ప్రభుత్వము స్థానిక నిధుల చట్టమును చేసెను. భూమిపై వచ్చు శిస్తును బట్టి రూపాయికి అణాకు మించని సెస్సును వసూలుచేసి, ఆ నిధితో బాటలు వేయుట, బడులు నడుపుట, మశూచికమునకు టీకాలు వేయుట, వైద్యశాలలను పోషించుట అను పనులను జరుపవలెనని దాని యుద్దేశము. జమీందారీలు విస్తారముగా గల విశాఖపట్టణము జిల్లాలో ఈ సెస్సును జమీందారు చెల్లించి, అందు సగమును రైతునొద్ద రాబట్టుకొనుట చట్టసమ్మతమై యుండెను. 1884వ సంవత్సరపు చట్టముతో జిల్లా బోర్డులును తాలూకా బోర్డులును ఏర్పడి, ఆ నిధి వాటి చేతికి వచ్చెను. కావుననే ఆ వైద్యశాలలకు లోకల్ ఫండు ఆసుపత్రులను పేరు కలిగినది. కాగితములలో ఆ పేరుండగా జనుల నోట ధర్మాసుపత్రి యను పేరే నిలిచెను. తన పొలముమీద వసూలైన అణా తాలూకా కచేరీలో జమయై మందుసీసాగా మరలి వచ్చినపుడు, రైతు దానిని గుర్తింపజాలక, దానమని తలంచి నమస్కరించెను.

ఆ మందుసీసాను గూర్చి ఒక్క మాట చెప్పవలెను. సీసాను రోగియే ఇంటినుండి కడిగి తెచ్చుకొనవలెను. కాంపౌండరు అందు మిక్స్చరును నింపి, అంచున గంట్లు కత్తిరించిన కాగితపు పట్టీ నొకదానిని బంకతో ప్రక్కన అంటించును. ఒక్కొక్క గంటు ఒక్కొక్క మోతాదు. అక్షరము రాని తల్లియు ఆ గంట్లను వేలితో తడవి చూచి, జ్వరపడిన బిడ్డకు లెక్క తప్పక మందు పోయగలిగెను. ఖర్చు లేని ఆ చిన్న యుపాయములో ఎంతటి కరుణయు, ఎంతటి తెలివియు ఉన్నవో తలంచినచో మనస్సు కరగును. కాని అట్టి ఆసుపత్రులు పెద్ద యూళ్ళలోనే యుండెను. దూరపు పల్లెలవారికి నాటువైద్యుడును మంత్రసానియు తప్ప వేరు దిక్కు లేకుండెను.

ఈ లోపమును తీర్చుటకు ఒక నూతన మార్గమును త్రొక్కినవాడు తెలుగువాడగుట మనకు గర్వకారణము. 1920లో ఇంగ్లండున డాసన్ ప్రభువు నివేదిక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమను భావనను లోకము ముందుంచెను. ఇంచుమించు ఆ కాలముననే మదరాసులో ద్వంద్వ ప్రభుత్వము ఏర్పడి, వైద్యమును స్థానిక స్వపరిపాలనమును ప్రజామంత్రులకు లభించినవి. ధనాగారపు తాళపుచెవి మాత్రము గవర్నరు పక్షముననే యుండెను. అట్టి యిరుకున పానగల్ రాజా రామరాయణింగారి మంత్రివర్గము, 1924లో గ్రామవైద్యుల సబ్సిడీ పథకమును ప్రారంభించెను. పల్లెలో కాపురముండుటకు సమ్మతించిన వైద్యునకు ప్రజాధనమునుండి ఏటేట కొంత సొమ్ము ముట్టును. అతడు బీదలకు ఉచితముగా చికిత్స చేయవలెను, కలిగినవారియొద్ద రుసుము పుచ్చుకొనవచ్చును. విశాఖలో 1923లోనే వైద్య కళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు వెలసియుండెను. పట్టణపు పెద్దాసుపత్రికి పల్లెపట్టు వైద్యుడు తోడైనగాని వైద్యము పూర్ణము కాదని గ్రహించిన దూరదృష్టి యది.

1946లో దేశపు ఆరోగ్యస్థితిని పరిశీలించిన సర్ జోసెఫ్ భోర్ సంఘము, తక్షణ ప్రణాళికగా 40,000 జనులకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును, అందు ఇద్దరు వైద్యులను కోరెను. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము మొదలైన పిదప బ్లాకునకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము చొప్పున అవి దేశమంతటను లేచెను. కాని బ్లాకు జనసంఖ్య ఆ ప్రమాణమును మించియే యుండెను. ఆంధ్రప్రదేశమున 1959లో పంచాయతి సమితులు ఏర్పడెను. సెస్సు అణా కాలక్రమమున మరుగుపడి, పోషణభారము రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వముల బడ్జెట్టులకు చేరెను. సొమ్ము దూరమునుండి వచ్చుకొలది, అది తనదే యను ఎరుక గ్రామీణునకు మరింత దూరమయ్యెను.

నేడు మైదాన గ్రామములలో 30,000 మందికి ఒక ప్రాథమిక కేంద్రము, 1,20,000 మందికి ఒక సామాజిక కేంద్రము ప్రమాణములు. 2013లో వచ్చిన పట్టణ ఆరోగ్య మిషన్ లెక్క 50,000 మందికి ఒక ప్రాథమిక కేంద్రము. పల్లెయు నగరమును కలిసికొను పెందుర్తి వంటి చోట ఈ రెండు లెక్కలును ఒకదానినొకటి ఒరయుచుండును. ఇళ్ళు పెరిగినంత త్వరగా ఆసుపత్రి గదులు పెరుగవు. పదునైదవ ఆర్థిక సంఘము 2021 మొదలు అయిదేండ్లకు 70,051 కోట్ల రూపాయలను ఆరోగ్యముకొరకు స్థానిక సంస్థల ద్వారా వెచ్చింపవలెనని సిఫారసు చేయుటతో, 1871 నాటి స్థానిక నిధి భావన నూటయేబది యేండ్లకు మరల వచ్చినట్లయినది.

కావున ఆ వరుసలో నిలిచిన ముదుసలి, చీటీకై చేయి చాచినపుడు సంకోచింప నక్కర లేదు. ఆమె పూర్వులు పొలముమీద అణా ఇచ్చిరి. ఆమె నేడు సబ్బు కొనుచును పన్ను చెల్లించుచున్నది. పై చేయియు క్రింది చేయియు ఆమెవే. వైద్యుడు వేళకు వచ్చెనా, మందు నిండుకొనలేదు గదా యని అడుగు అధికారము ఆమె కున్నది. ఆ ప్రశ్నకు నిలబడి బదులు చెప్పుటయే ధర్మాసుపత్రి యొక్క ధర్మము.