న్యూడిబ్రాంకులు: ప్రాంతీయ వర్ణభేదం

గుల్ల లేని సముద్రపు నత్తలివి. లార్వా దశలో ఉండే గుల్లను ఎదిగేటప్పుడు వదిలేస్తాయి. ఆపైన చాలా జాతులకు ఒంట్లోని చేదు రసాయనాలు, వాటి సంగతి చాటే రంగులే రక్ష.

వీటి అధ్యయనంలో ఆంధ్ర తీరానిది పెద్ద చోటే. ఉత్తర సర్కారుల కమిషనరుగా వాల్తేరులో ఉన్న వాల్టర్ ఇలియట్ సేకరణ వివరాలను శాస్త్రవేత్తలు ఆల్డర్, హాన్‌కాక్‌లు 1864లో లండన్‌లో ప్రచురించారు. కళింగ ఆర్నాటా, డోరియాప్సిల్లా మినియాటా, ఇలియట్ పేరు మోసే ప్లాటిడోరిస్ ఇలియటి అలా వెలుగులోకి వచ్చినవే. అయితే తీరమంతా ఒకేలా లేదు: గోదావరి డెల్టాలో ఒండ్రు, బురద, కోరింగ మడలు ఎక్కువ. చాలా న్యూడిబ్రాంకులు తినే స్పాంజ్‌లు అంటుకునే రాతినేల తక్కువ. విశాఖ రాళ్లలోని వైవిధ్యాన్ని ఇక్కడ ఆశించలేం.

ఒకే జాతి రంగు చోటును బట్టి మారుతుంది. తూర్పు ఆస్ట్రేలియాలోని గోనియోబ్రాంకస్ స్ప్లెండిడస్‌కు తెల్లటి వీపుమీద ఎర్రమచ్చలు ఒక్కో తీరంలో ఒక్కోలా ఉంటాయి. పసుపు అంచు మాత్రం దాదాపు మారదు. వేటాడే చేపలు గుర్తుపెట్టుకునేది ఆ అంచునే అని ప్రయోగాలు సూచించాయి. వయసూ లెక్కలోకి వస్తుంది: డెండ్రోడోరిస్ నైగ్రా పేరుకు తగ్గట్టు నల్లనిదే అయినా, పిల్లల్లో తరచూ ఎర్రటి పట్టీ కనిపిస్తుంది.

స్పిరిట్‌లో నిల్వచేసిన నమూనాకు రంగు నిలవదు. కనుక రంగొక్కటే చూసి జాతిని తేల్చడం తొందరపాటు. నోటిలోని పళ్లపట్టీ, జననాంగాలు, డీఎన్‌ఏ పరిశీలించాలి. డెండ్రోడోరిస్‌లకైతే ఆ పళ్లపట్టీ కూడా ఉండదు.