కోటా భారు దండయాత్ర

కోటా భారు దండయాత్ర రెండవ ప్రపంచ యుద్ధములో జపాను సైన్యము 1941 డిసెంబర్ 8న బ్రిటిష్ పాలనలోని మలయా (నేటి మలేషియాలోని భాగము) పై సముద్రమార్గమున జరిపిన దాడి. పసిఫిక్ యుద్ధము దీనితోనే ఆరంభమైనది. ఇది మొదలైన గంటకు పైగా గడిచిన పిదప పెర్ల్ హార్బర్ పై దాడి జరిగినది. అంతర్జాతీయ దినరేఖ కారణమున హవాయిలో అప్పటికి డిసెంబర్ 7 ఉదయము. అందువలన పెర్ల్ హార్బర్ దాడియే మొదటిదని సాధారణముగా భావిస్తారు.

నేపథ్యము

చైనాతో యుద్ధము చేయుచున్న జపానుకు 1941లో అమెరికా చమురు ఎగుమతులు నిలిపివేసినది. డచ్చి ఇండీస్ చమురును, మలయా రబ్బరును, తగరమును చేజిక్కించుకొనుట, సింగపూరు నౌకాస్థావరమును ఉత్తరము వైపు నుండి భూమార్గమున పట్టుకొనుట జపాను ప్రణాళిక.

దాడి

కోటా భారు మలయా ద్వీపకల్పపు ఈశాన్య తీరమున, థాయిలాండు సరిహద్దుకు సమీపములో ఉన్న కెలాంతన్ రాష్ట్ర రాజధాని. మేజర్ జనరల్ హిరోషి టకుమి నాయకత్వములో 5,000 మందికి పైగా సైనికులు మూడు రవాణా నౌకలలో వచ్చి, అర్ధరాత్రి దాటిన తరువాత చిన్న పడవలలో ఒడ్డుకు చేరారు. అదే రాత్రి జనరల్ యమషిటా 25వ సైన్యపు ప్రధాన దళములు థాయిలాండులోని సింగోరా, పటానీల వద్ద దిగినవి.

కోటా భారు రక్షణ భారము 8వ భారత పదాతి బ్రిగేడ్ పై ఉండినది. తీరములో డోగ్రా దళము ముళ్లకంచెలు, మందుపాతరలు, కాంక్రీటు స్థావరముల వెనుక నుండి పోరాడి శత్రువుకు తీవ్ర నష్టము కలిగించినది. ఆస్ట్రేలియా విమానములు అవజిసాన్ మారు అను నౌకను తగులబెట్టినవి. విమానాశ్రయమునకు హైదరాబాదు సంస్థాన సేనలకు చెందిన 1వ హైదరాబాదు పదాతి దళము కాపలా ఉన్నది. శత్రువు వచ్చినాడను పుకారుతో వైమానిక సిబ్బంది ఇంధనమును, బాంబులను నాశనము చేయకయే వెడలిపోయారు. ఆ రాత్రికే విమానాశ్రయము, మరునాడు పట్టణము జపాను వశమైనవి.

ప్రాముఖ్యత

డిసెంబర్ 10న ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ యుద్ధనౌకలను జపాను విమానములు ముంచివేసినవి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయినది. బ్రిటిష్ సామ్రాజ్యము అజేయమను నమ్మకము ఆసియాలో సడలినది. బందీలైన భారత సైనికుల నుండి మోహన్ సింగ్ ఆజాద్ హింద్ ఫౌజు మొదటి రూపమును నిర్మించాడు. 1943లో సుభాష్ చంద్రబోస్ దాని నాయకత్వము వహించాడు.

తెలుగువారిపై ప్రభావము

మార్చి 23న అండమాన్ దీవులు జపాను వశమైనవి. ఏప్రిల్ 6న విశాఖపట్నము, కాకినాడలపై జపాను విమానములు బాంబులు వేసినవి. మలయా యుద్ధము ఆంధ్ర తీరమునకు చేరిన రోజది.

ఉత్తరాంధ్ర నుండి మలయా తోటలకు వలసపోయిన కూలీల కష్టము ఇంకను పెద్దది. రబ్బరు ఎగుమతులు ఆగిపోవుటతో వారికి పని, తిండి కరువైనవి. జపాను సైన్యము వేలాది తమిళ, తెలుగు కూలీలను థాయిలాండు, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గ నిర్మాణమునకు తరలించినది. కలరా, మలేరియా, ఆకలితో అనేకులు అక్కడనే మరణించారు. ఆ మార్గములో మరణించిన మిత్రరాజ్యాల సైనికులకు కాంచనబురిలో పేర్లు చెక్కిన సమాధులు ఉన్నవి. మరణించిన కూలీలలో అత్యధికులకు పేరున్న సమాధి లేదు.