రాశియు శేషమును: పావులూరి మల్లన గణితమును అజ్ఞాతరాశియు

తెలుగున తొలి శాస్త్రగ్రంథముగా పరిగణింపబడునది 11వ శతాబ్దినాటి పావులూరి మల్లన సారసంగ్రహగణితము. దీనికి మూలము 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు; రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని ప్రస్తుతించినవాడు. రాష్ట్రకూటుల జైనాభిమానము రాయలసీమకును వ్యాపించినదనుటకు కడప మండలమున పెన్న యొడ్డునగల దానవులపాడు సాక్షి. అచ్చట 10వ శతాబ్దిలో మూడవ ఇంద్రుడు శాంతినాథుని అభిషేకమునకై పీఠము చేయించినట్లు శాసనము కలదు. మల్లన శైవుడయ్యును ఆ జైనవిద్యను తెలుగు పద్యమున నిలిపెను.

గణితము కావ్యము కాదని సాహిత్యచరిత్రకారులు మల్లనను సంగ్రహముగా పేర్కొని విడుచుట కలదు. కాని భాషాచరిత్రకు ఆయన గ్రంథము ముఖ్యము. ఏలయన, తెలియని రాశిని మాటలలో బిగించుటకు భాషకు ఎంత కచ్చితత్వము వలయునో ఇట్టి రచనయే తెలుపగలదు.

12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు తన బీజగణితమున అవ్యక్తమునకు 'యావత్తావత్తు' అని పేరిడి, 'యా' అను అక్షరముతో గుర్తించెను. మహావీరుని ప్రకీర్ణకాధ్యాయమున అట్టి గుర్తు లేదు. అచ్చటి లెక్కలు భాగజాతి, శేషజాతి, మూలజాతి మొదలగు తెగలుగా విభక్తములు. చివర కంటికి కనబడు మిగులునకు 'దృశ్య'మని పేరు.

కర్నూలు, కడప మండలముల మెట్టరైతు కళ్లమునుండి ఒక ఉదాహరణము కల్పించుకొందము. జొన్నరాశిలో మూడవవంతు అప్పునకును, రాశిలోనే నాల్గవవంతు విత్తనములకును పోగా 10 పుట్లు మిగిలినవి. రాశి యెంత? ఒకటినుండి ఆ భిన్నములను తీసివేయగా పండ్రెండింట అయిదు వంతులు నిలుచును. దృశ్యమును దానిచే భాగింపగా 24 పుట్లు. ఇది భాగజాతి.

'రాశిలోనే' అను చోట 'శేషములో' అని మార్చిన యెడల లెక్క శేషజాతి యగును. అప్పు తీరిన పిమ్మట మిగిలినది మూడింట రెండు వంతులు. అందు నాల్గవవంతు పోగా నిలుచునది సగము. కావున రాశి 20 పుట్లే. ఒక్క మాటకు 4 పుట్ల భేదము! కరవుసీమలో ఇది స్వల్పము కాదు.

నేటి సమీకరణమున కుండలీకరణము చేయు పనిని ఇచ్చట షష్ఠీవిభక్తి గల ఒక్క పదము చేయుచున్నది. 'పోగా' అను అసమాపకక్రియ వ్యవకలనమును సూచించుచున్నది. మల్లన పద్యములను ఈ దృష్టితో పరిశీలించుట గణితజ్ఞునికంటె భాషాపరిశోధకునికే ముందుగా విధి. అన్వయము తప్పిన చోట లెక్కయు తప్పును. పాఠనిర్ణయమున లెక్క సరిపడుటయే పరిష్కర్తకు బలమైన ప్రమాణము.