ప్రజావస్తువులు, ఓటు: తరగతి గది అభ్యాసాలు

వీధి దీపం, వరదకట్ట వంటివి ఒకరు వాడుకున్నంత మాత్రాన మరొకరికి తరగవు, సొమ్ము చెల్లించనివారిని వాటి ప్రయోజనానికి దూరంగా ఉంచడమూ కష్టమే. ఇలాంటివాటిని అర్థశాస్త్రంలో ప్రజావస్తువులు అంటారు. వీటికి గణితరూపం ఇచ్చిన ఘనత సాధారణంగా పాల్ శామ్యూల్సన్ 1954 నాటి వ్యాసానికి దక్కుతుంది. ఈ భావనను ఆట ద్వారా బోధించే పద్ధతికి మూలం ఎడ్వర్డ్ చాంబర్లిన్ 1948లో ప్రచురించిన హార్వర్డ్ తరగతి ప్రయోగమని చెప్పడం కద్దు. అయితే అది క్రయవిక్రయాలకు సంబంధించినది కనుక, 1980 ప్రాంతంలో సామాజిక శాస్త్రవేత్తలు జెరాల్డ్ మార్వెల్, రూత్ ఏమ్స్ వెలువరించిన విరాళ ప్రయోగాలను దగ్గరి పూర్వరూపంగా భావించడం సమంజసం.

చార్లెస్ హోల్ట్, సూసన్ లారీ 1997లో ప్రచురించిన పేకముక్కల ఆట బోధనకు బాగా అనువైనది. ప్రతి విద్యార్థికీ రెండు ఎర్ర ముక్కలు, రెండు నల్ల ముక్కలు ఇచ్చి, విడతకు రెండేసి ముక్కలు బోర్లించి ఇమ్మంటారు. దాచుకున్న ప్రతి ఎర్ర ముక్కకూ ఆ విద్యార్థికి 4 డాలర్లు, ఇచ్చిన ప్రతి ఎర్ర ముక్కకూ తరగతిలో అందరికీ తలా 1 డాలరు లెక్క కడతారు. నల్ల ముక్కలకు విలువ లేదు. తరగతిలో 25 మంది ఉంటే, ఎర్ర ముక్కలన్నీ ఎవరికివారు దాచుకున్నప్పుడు తలా 8 డాలర్లు, అందరూ ఇచ్చేసినప్పుడు తలా 50 డాలర్లు వస్తాయి. అయినా విడిగా చూసుకుంటే, ఇచ్చిన ఒక్కో ఎర్ర ముక్కకు 3 డాలర్లు నష్టమే. ముక్కలు బోర్లించి ఉండటం వల్ల ఎవరు దాచుకున్నారో పక్కవారికి తెలియదు. ఈ ఆటకు ప్రాణం ఆ ఏర్పాటే. విడతలు సాగేకొద్దీ విరాళాలు తగ్గడం, ముందుగా మాట్లాడుకోనిస్తే పెరగడం ఇలాంటి ప్రయోగాల్లో తరచుగా కనిపించే ధోరణులు.

ఆ తగ్గుదలను కళ్లారా చూసిన పిల్లల ముందే ‘ఎర్ర ముక్కలు అందరూ తప్పనిసరిగా ఇవ్వాలా’ అన్న ప్రశ్నను ఓటుకు పెడితే, పన్నుకూ ఓటుకూ ఉన్న సంబంధం వేరే వివరణ లేకుండానే బోధపడుతుంది. భారత ఎన్నికల సంఘం 2018లో ప్రారంభించిన ఎన్నికల అక్షరాస్యతా క్లబ్బులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా దేశమంతటా పాఠశాలల్లో నమూనా పోలింగు వంటి కార్యక్రమాలు చేపడుతున్నాయి. ఓటు వేసే విధానం నేర్పడానికి అవి ఎంతో అవసరం. దేనికోసం ఓటు వేస్తున్నామన్న ఎరుకకు మాత్రం పేకముక్కల ఆటే మెరుగైన ప్రవేశిక అనిపిస్తుంది.

వచ్చిన సొమ్మును దేనికి వెచ్చించాలన్నది తర్వాతి ఓటు. సమాన సంఖ్యలో ఉన్న మూడు జట్లలో మొదటిది గ్రంథాలయం, మైదానం, నీటి ట్యాంకు అనే వరుసలో, రెండోది మైదానం, ట్యాంకు, గ్రంథాలయం అనే వరుసలో, మూడోది ట్యాంకు, గ్రంథాలయం, మైదానం అనే వరుసలో కోరుకుంటే, రెండింటిని చొప్పున పోటీకి పెట్టినప్పుడు గ్రంథాలయం మైదానాన్ని, మైదానం ట్యాంకును, ట్యాంకు గ్రంథాలయాన్ని ఓడిస్తాయి. కొండోర్సే 1785లో చూపిన ఈ చిక్కులో విజేతను తేల్చేది ఏ జతను ముందు పోటీకి పెట్టారన్నదే. దీనికి ప్రత్యామ్నాయంగా స్థానాలనుబట్టి మార్కులిచ్చే బోర్డా పద్ధతిని కొందరు 1770 నాటిదిగా, మరికొందరు 1781 నాటిదిగా పేర్కొంటారు. అచ్చయిన సంవత్సరంగా 1784ను తీసుకోవడం మేలు. పై ఉదాహరణలో ఆ పద్ధతి పాటించినా మూడింటికీ సమాన మార్కులే వస్తాయి.